గేరుబాక్సు దించే ముందు

క్లచ్‌కు ఉన్న పని రెండే రెండు. పెడల్ వదిలినప్పుడు ఇంజను బలాన్ని పూర్తిగా గేరుబాక్సుకు అందించాలి, తొక్కినప్పుడు పూర్తిగా తెంచాలి. ఇంజను వెనక తిరిగే ఫ్లైవీలుకూ, దానికి బోల్టులతో బిగించిన ప్రెషర్ ప్లేటుకూ మధ్య క్లచ్ ప్లేటు నొక్కుకొని ఉంటుంది. పెడల్ తొక్కగానే ఫోర్కు కదిలి, రిలీజ్ బేరింగును ప్రెషర్ ప్లేటు మీదికి నెడుతుంది; ప్లేటు మీద పట్టు వదులవుతుంది. పాత కారులో గేరు పడటం లేదన్నా, బండి లాగడం లేదన్నా ఈ రెండు పనుల్లో ఒకటి సగంలో ఆగిందన్నమాట. ఏది ఆగిందో, ఎక్కడ ఆగిందో తేలకముందే గేరుబాక్సు దించడం డబ్బు దండగ. అందులోనూ సూర్యలంక తీరానికి దగ్గరగా, బాపట్ల, రేపల్లె వైపు తిరిగే బండ్లలో జబ్బు గేరుబాక్సు బయటే ఉండటం అరుదు కాదు.

మారుతి 800నే తీసుకుంటే, 1983 నుంచి 2014 దాకా తయారైన ఈ కారులో క్లచ్‌ను నడిపేది ఒక కేబుల్. ఉప్పుగాలి, ఉప్పునీటి చెరువుల గట్ల మీది తడి ఆ కేబుల్‌కు బద్ధశత్రువులు. పెడల్ రోజురోజుకీ బరువెక్కుతున్నా, తొక్కిన కాలు తీశాక పెడల్ ఆలస్యంగా పైకి వస్తున్నా ముందు చూడాల్సింది దీన్నే. గేరుబాక్సు మీది లివరు దగ్గర కేబుల్ చివరి రబ్బరు తొడుగును వెనక్కి జరిపితే లోపలి తీగ కనిపిస్తుంది. తుప్పు పొడి రాలుతూ, పోగులు ఒకటీ అరా తెగి ముళ్లలా లేచి ఉంటే ఆ కేబుల్ పని అయిపోయినట్టే. దాన్ని బిగించి, గ్రీజు రాసి నడపడం వల్ల లాభం లేదు. ఏదో ఒక రైల్వే గేటు దగ్గర పుటుక్కున తెగుతుంది. కొత్త కేబుల్ వెయ్యడమే మేలు.

అదే చోట సర్దుకునే నట్టు ఉంటుంది. పెడల్‌ను చేత్తో మెల్లగా నొక్కినప్పుడు కొంత దూరం తేలిగ్గా కదిలి, ఆ తర్వాత బరువు తగలాలి. ఆ తేలిక కదలికనే మెకానిక్కులు ప్లే అంటారు; ఎంత ఉండాలో బండితో వచ్చిన పుస్తకం చెబుతుంది. ప్లే మరీ ఎక్కువైతే ఎంత తొక్కినా ప్లేటు విడవదు. అసలు లేకపోతే బేరింగు ఎప్పుడూ ఒత్తుతూనే ఉండి ప్లేటు జారుతుంది. ప్లేటు అరిగేకొద్దీ ఇలాంటి కేబుల్ క్లచ్‌లో ప్లే తగ్గుతూ వస్తుందన్న సంగతి చాలామంది యజమానులకు తెలియదు. నట్టు నాలుగు చుట్లు తిప్పితే బాగయ్యే బండికి క్లచ్ సెట్టు మొత్తం మార్చిన సందర్భాలు ఇందువల్లే వస్తాయి.

జారుడును డెల్టా నేల దాచిపెడుతుంది. తెనాలి నుంచి రేపల్లె దాకా నేల బల్లపరుపు. ఎక్కుడు అంటే కాలువ వంతెనో, కృష్ణ మీది పెనుమూడి-పులిగడ్డ వారధో. అరిగిన ప్లేటు కూడా ఈ దారుల్లో నెలల తరబడి నెట్టుకొస్తుంది. నలుగురిని ఎక్కించుకొని కోటప్పకొండ ఘాట్ ఎక్కేటప్పుడు అసలు బండారం బయటపడుతుంది: ఇంజను హోరెత్తుతుంది, వేగం పెరగదు, కాలిన వాసన వస్తుంది. అందాకా ఆగకుండా ఊళ్లోనే పరీక్షించవచ్చు. ఎదుట ఎవరూ లేని సమతల నేల మీద హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి, కాలి బ్రేకు కూడా తొక్కి, టాప్ గేరు వేసి క్లచ్‌ను మెల్లగా వదలాలి. ఇంజను వెంటనే ఆగిపోతే పట్టు ఉన్నట్టు. ఆగకుండా తిరుగుతూనే ఉంటే జారుతున్నట్టు. ఈ పరీక్ష ఒక్కసారే చెయ్యాలి. పదే పదే చేస్తే ఉన్న ప్లేటు కూడా కాలిపోతుంది.

ప్లేటును త్వరగా తినేసేవి రెండు అలవాట్లు. కార్తీక పౌర్ణమి సముద్ర స్నానాల రద్దీలో బాపట్ల నుంచి సూర్యలంక వెళ్లే దారిలో సగం క్లచ్ మీద అంగుళం అంగుళం జరపడం ఒకటి. బండిని ఇసుకలోకి దింపి, చక్రం కూరుకుపోయాక ఇంజను రేపుతూ క్లచ్ మీదే బయటకు లాగాలని చూడటం అంతకన్నా ఘోరమైనది. కొద్ది నిమిషాల్లో కొత్త ప్లేటు సైతం మాడిపోతుంది. టైర్లలో గాలి తగ్గించి, చక్రాల ముందు ఇసుక తీసి, చెక్కలు పరిచి, నలుగురు తోస్తే క్లచ్ బతుకుతుంది.

విడవని క్లచ్ రివర్స్ గేరు దగ్గర దొరికిపోతుంది. ఇంజను ఆపి గేర్లు వేసి చూడాలి. అన్నీ మెత్తగా పడి, ఇంజను నడుస్తున్నప్పుడు మాత్రమే గరగరమంటే తప్పు సాధారణంగా గేరుబాక్సుది కాదు, క్లచ్‌ది. ఆయిల్‌తో పనిచేసే క్లచ్ అయితే పెడల్‌ను గబగబా నాలుగైదుసార్లు తొక్కి మళ్లీ గేరు వెయ్యాలి. అప్పుడు పడితే పైపులో గాలి చేరిందనో, సిలిండరు రబ్బర్లు పోయాయనో అర్థం. అందులో పొయ్యాల్సింది బ్రేక్ ఆయిలే. ఇంజను ఆయిల్ పోస్తే రబ్బర్లు ఉబ్బి పాడవుతాయి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తడిని పీల్చుకుంటుంది కాబట్టి మూత తీసి చాన్నాళ్లయిన డబ్బా వాడకూడదు.

వానాకాలమంతా కదలకుండా నిలబెట్టిన బండిలో ప్లేటు తుప్పుతో ఫ్లైవీలుకు అతుక్కుపోవడం తీరంలో మామూలే. ఖాళీ మైదానంలో ఇంజను వేడెక్కించి ఆపి, గేరు వేసి, క్లచ్ పూర్తిగా తొక్కే స్టార్ట్ చెయ్యాలి. బండి కదులుతుంది, తొక్కిన కాలు తియ్యకుండా యాక్సిలరేటర్ ఇస్తూ తీస్తూ పోతే అతుకు ఊడే అవకాశం ఉంది. ఊడకపోతే దించడమే గతి.

శబ్దం సంగతి తేలిక. పెడల్ తొక్కినప్పుడు వచ్చే గీపెట్టుడు రిలీజ్ బేరింగుది. న్యూట్రల్‌లో పెడల్ వదిలినప్పుడు వినిపించి, తొక్కగానే ఆగిపోయేది గేరుబాక్సు లోపలి బేరింగుది. బయల్దేరేటప్పుడు బండి వణికితే ముందు ఇంజను మౌంటింగులు చూడాలి. అవి బాగుంటే ప్లేటు మీదికి ఆయిల్ చేరి ఉండవచ్చు.

ఇవన్నీ చూశాక కూడా గేరుబాక్సు దించక తప్పదంటే, కూలి మళ్లీ పడకుండా ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మూడూ కలిపి మార్చాలి. బండిని జాకీ ఒక్కదాని మీద వదిలి కిందకు దూరకూడదు, స్టాండ్లు పెట్టాలి. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు కాబట్టి లోపలి దుమ్మును ఎయిర్ పెట్టి ఊదకుండా తడిగుడ్డతో తుడవాలి. ఆయిల్ సీలు కారుతుంటే అప్పుడే మార్చాలి, లేకపోతే కొత్త ప్లేటు కూడా తడిసి జారుతుంది. ఫ్లైవీలు మీద నీలి మచ్చలు, గాడులు ఉంటే లేత్ షాపులో ముఖం తీయించాలి. ప్లేటును సరైన ముఖంతో పెట్టి, నడుమ రాడ్డుతో మధ్యకు తెచ్చి, ప్రెషర్ ప్లేటు బోల్టులను ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాలి. ప్లేటు నడిమి పళ్లకు గ్రీజు పలచగా చాలు. లైనింగు మీద చుక్క కూడా పడకూడదు. బిగింపు అయ్యాక పెడల్ ప్లే సర్ది, కొత్త ప్లేటు కుదురుకునే మొదటి కొన్ని వందల కిలోమీటర్లు బరువులు లేకుండా నడిపి, ఆ తర్వాత ప్లే మరోసారి చూసుకోవాలి.