బడి విడిచే ముందు రాసుకోవలసిన పుస్తకం

డిగ్రీ పూర్తి చేసినవారికి స్నాతకోత్సవం ఉంటుంది. పదో తరగతి పిల్లలకు తమ హైస్కూలు ఏళ్లను వెనక్కి తిరిగి చూసుకోవడానికి దొరికేది వీడ్కోలు సభ ఒక్కటే. అదైనా చదువు పూర్తయ్యాక జరగదు. ఫిబ్రవరి ఆఖర్లోనో మార్చి మొదట్లోనో, ప్రీఫైనల్ పరీక్షల ఒత్తిడి మధ్య, ఒక పూటలో ముగిసిపోతుంది. ఆ తర్వాత హాల్ టికెట్లు వస్తాయి. చాలామందికి పరీక్షా కేంద్రం వేరే బడిలో పడుతుంది. అందుకే ఆఖరిదైన సోషల్ పేపర్ రాసి బయటికొచ్చిన పిల్లలు తమది కాని గేటు ముందు నిలబడి ఒకరికొకరు వీడ్కోలు చెప్పుకుంటారు. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఐదేళ్లు తిరిగిన వరండా ఆ రోజు వాళ్ల కంటికి కనపడదు.

దమ్మాయిగూడ లాంటి చోట ఈ వీడ్కోలుకు మరింత బరువుంది. మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా కీసర మండలంలో పంచాయతీగా ఉన్న ఈ ఊరు 2018లో మున్సిపాలిటీ అయింది. 1967లో ప్రభుత్వ రంగ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ వచ్చాక ఆ చుట్టుపక్కల కుషాయిగూడ, కాప్రా, నాగారం పెరిగాయి. చర్లపల్లి, నాచారం, ఉప్పల్ పారిశ్రామికవాడల్లో పని వెతుక్కుంటూ తెలంగాణ జిల్లాల నుంచి, కోస్తా నుంచి, ఒడిశా, బీహార్‌ల నుంచి కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి. పొలాలుగా ఉన్న చోట్లు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు అపార్ట్‌మెంట్లయ్యాయి. ఇలాంటి చోట ఒక తరగతి ఆరులో ఉన్నట్టు పదిలో ఉండదు. అద్దె పెరిగి ఒక కుటుంబం రాంపల్లి వైపు జరుగుతుంది, షిఫ్టు మారి ఇంకొకటి నాచారం వెళ్తుంది, ఏడాది మధ్యలో టీసీ తీసుకుని ఒకరు వెళ్లిపోతే మరొకరు వచ్చి చేరతారు. పల్లెటూరి బడిలో చదువుకున్నవాళ్లు పండక్కి ఊరెళ్తే పాత స్నేహితులు ఎదురవుతారు. ఇక్కడ ఆ భరోసా లేదు. బడి ఒక్కటే అందరికీ ఉమ్మడి చిరునామా. అది దాటితే ఎవరి దారి వారిది.

వీడ్కోలు సభ నడిచే తీరు ఏ బడిలోనైనా దాదాపు ఒకటే. తొమ్మిదో తరగతి పిల్లలు చందాలు వేసుకుని నిర్వహిస్తారు, పదో తరగతి పిల్లలు అతిథులు. అమ్మాయిలు చీరలు కట్టుకుంటారు. వాటిలో ఎక్కువ అమ్మవో అక్కవో. అబ్బాయిలు యూనిఫాం కాని చొక్కా వేసుకునే అనుమతి కోసం వారం ముందు నుంచే సార్లను బతిమాలతారు. హెడ్మాస్టర్ ప్రసంగం, సబ్జెక్టు టీచర్ల ఆశీస్సులు, పాటలు, డాన్సులు, తిండి. పదో తరగతి తరఫున బడికి ఒక కానుక ఇస్తారు: గోడ గడియారం, ఫ్యాను, మంచినీళ్ల స్టీలు డ్రమ్ము. దాని మీద బ్యాచ్ సంవత్సరం పెయింటుతో రాయిస్తారు. చాలా ప్రైవేటు బడుల్లో సరస్వతి పూజ చేసి, పరీక్షలో రాయబోయే పెన్నులను అమ్మవారి పటం ముందు పెట్టి పంచుతారు. సభకు కొన్ని రోజుల ముందో వెనకో స్వపరిపాలన దినోత్సవం. ఆ రోజు పదో తరగతి పిల్లలే హెడ్మాస్టర్, డీఈఓ, కలెక్టర్. లెక్కల సారు గొంతును అనుకరిస్తూ ఆరో తరగతికి పాఠం చెప్పేదీ వాళ్లే. ఐదేళ్లు బల్ల మీద కూర్చుని చూసిన గదిని నల్లబల్ల వైపు నుంచి చూసే అవకాశం ఆ ఒక్క రోజే దక్కుతుంది. హైస్కూలు చదువులో వెనక్కి తిరిగి చూసుకోవడానికి ఇంతకు మించిన ఏర్పాటు లేదు.

సభలో పిల్లల ప్రసంగాలే బలహీనం. ప్రతి ఒక్కరూ గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులకు అంటూ మొదలుపెట్టి, ఈ బడి మాకు ఎంతో ఇచ్చింది, టీచర్లు అమ్మానాన్నల్లాంటివారు, ఈ రోజులు మరువలేము అని ముగిస్తారు. మాటల్లో అబద్ధం లేదు, కానీ ఆ బడికే చెందిన మాట కూడా ఒక్కటీ లేదు. వానాకాలంలో ఏ గది కారేదో, మధ్యాహ్న భోజనంలో గుడ్డు ఏ రోజు వచ్చేదో, కరెంటు పోయిన మధ్యాహ్నం ఫిజిక్స్ సారు గ్రౌండులో చెట్టు కింద కూర్చోబెట్టి ఏ పాఠం చెప్పారో ఎవరూ చెప్పరు. పిల్లలకు ఇవి గుర్తులేక కాదు. వేదిక మీద ఇలాంటివి చెప్పవచ్చని వాళ్లకెవరూ నేర్పలేదు.

గ్రూప్ ఫొటో అదే వారంలో ఉంటుంది. బల్లలు బయటికి తెచ్చి మెట్లలా పేరుస్తారు. ముందు వరుసలో కుర్చీల మీద టీచర్లు, కింద చాప మీద పొట్టివాళ్లు, నడుమ తరగతి, సెక్షన్, విద్యా సంవత్సరం రాసిన పలక. బడి తీసే ఫొటోల్లో ఎక్కువ కాలం నిలిచేది ఇదే. కానీ ఫొటోలో ఆ రోజు వచ్చినవాళ్లే ఉంటారు. జ్వరంతో ఇంట్లో పడుకున్నవాళ్లు ఉండరు. ఫొటో డబ్బులు కట్టలేక ముఖం చాటేసినవాళ్లు, ఎనిమిదో తరగతిలోనే బడి మానేసి మెకానిక్ షెడ్డులో చేరినవాళ్లు అసలే ఉండరు. చాలా ఫొటోల వెనక పేర్లు కూడా రాయరు. పదేళ్లకు పేరు మరిచిపోయిన ముఖాలు రెండు వరుసలు మిగులుతాయి.

ఫొటో ఇవ్వలేనిది ఒకప్పుడు ఆటోగ్రాఫ్ పుస్తకం ఇచ్చేది. స్నేహితుల చేత నాలుగు మాటలు రాయించుకునే ఈ అలవాటు పాతది. 16వ శతాబ్దంలో జర్మనీలోని విట్టెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం విద్యార్థులు గురువుల చేత, తోటివారి చేత చేతిరాతలు సేకరించి పుస్తకాలుగా కట్టుకునేవారు. ఐరోపా గ్రంథాలయాల్లో అవి ఇప్పటికీ ఉన్నాయి. తెలుగు బడుల్లో గులాబీ, లేత పచ్చ, నీలం కాగితాల చిన్న పుస్తకాలుండేవి. 1990ల తర్వాత స్లామ్ బుక్కులు వచ్చాయి. ఇష్టమైన హీరో, ఇష్టమైన రంగు, జీవితాశయం అంటూ ప్రశ్నలు ముందే అచ్చువేసి ఉండేవి. ఆశయం గడిలో డాక్టరు, కలెక్టరు, క్రికెటరు. ఫోన్ గడిలో పక్కింటివారి నంబరు, దాని పక్కన అది సొంత ఫోను కాదని చెప్పే పీపీ అన్న రెండక్షరాలు. చిరునామాలో ఇంటి యజమాని పేరు, పక్కనున్న కిరాణా కొట్టు గుర్తు ఉండేవి. ఇరవై ఏళ్ల తర్వాత తెరిస్తే ఒక పేట ఎలా బతికిందో ఆ గడుల్లో కనిపిస్తుంది. 2004లో రవితేజతో వచ్చిన 'నా ఆటోగ్రాఫ్' సినిమాకు ఆ పేరు ఎందుకు పెట్టారో ఆనాటి పిల్లలకు విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. ఫోన్లు చేతికొచ్చాక ఈ పుస్తకాలు దాదాపు కనుమరుగయ్యాయి. ఇప్పుడు రాతంతా ఆఖరి పరీక్ష రోజున తెల్లచొక్కా మీద స్కెచ్ పెన్నుతో పెట్టే సంతకాలే. ఒక్క ఉతుకుతో అవీ పోతాయి.

పరీక్షల తర్వాత బడికి మళ్లీ వెళ్లేది కాగితాల కోసమే. మెమో, టీసీ, బోనఫైడ్, కాండక్ట్ సర్టిఫికెట్. ఇంటర్‌లో చేరాలన్న తొందరలో హెడ్మాస్టర్ గది ముందు వరుస కట్టిన పిల్లలకు వెనక్కి చూసే తీరిక ఉండదు. నిజానికి హైస్కూలు ఏళ్ల గురించి జీవితాంతం వెంట వచ్చేది ఈ కాగితాలే. పుట్టిన తేదీకి పాస్‌పోర్టు దగ్గర్నుంచి ఉద్యోగం దాకా చూపించేది పదో తరగతి మెమోనే. దానికోసం పేర్ల జాబితా తయారుచేసే రోజున టీచర్ ఒక్కొక్కరినీ దగ్గరికి పిలిచి, మెడ మీదో మోచేతి మీదో రెండు పుట్టుమచ్చలు వెతికి రాసుకుంటారు. ఎక్కడ చదివారన్న దానికీ అంతే విలువ. ప్రభుత్వ ఉద్యోగాలకు 1975 రాష్ట్రపతి ఉత్తర్వుల కింద పదో తరగతితో ముగిసే వరుస నాలుగేళ్ల చదువును బట్టి అభ్యర్థి ఎక్కడి స్థానికుడో తేలేది. తెలంగాణకు వచ్చిన 2018 ఉత్తర్వుల్లో ఒకటి నుంచి ఏడు తరగతుల మధ్య కనీసం నాలుగేళ్లు చదివిన చోటు లెక్కలోకి వస్తోంది. అద్దె ఇళ్లు మారుతూ బడులు మారిన దమ్మాయిగూడ పిల్లలకు ఏ ఏడాది ఏ బడిలో ఉన్నారన్నది జ్ఞాపకం మాత్రమే కాదు, కొలువుకు ఆధారం కూడా.

ఈ కాగితాలు తప్ప దాదాపు మరేమీ దక్కని బ్యాచ్‌లు రెండున్నాయి. 2020లో తెలంగాణ పదో తరగతి పరీక్షలు మార్చి 19న మొదలై మూడు పేపర్లు కాగానే కరోనాతో ఆగిపోయాయి. జూన్ 8న ప్రభుత్వం పరీక్షలు రద్దు చేసి, 5.34 లక్షల మందిని అంతర్గత మార్కుల ఆధారంగా పాస్ చేసింది. వాళ్లకు వీడ్కోలు సభ అయినా దక్కి ఉంటుంది, ఆఖరి పేపర్ మాత్రం దక్కలేదు. తర్వాతి బ్యాచ్‌ది ఇంకా కష్టం. 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానళ్లలో పాఠాలు విన్నారు. 2021 ఫిబ్రవరి 1న బడులు తెరిచారు, మార్చి 24 నుంచి మళ్లీ మూసేశారు. పదో తరగతిలో వాళ్లు బల్ల మీద పక్కపక్కన కూర్చున్నది రెండు నెలలు కూడా నిండలేదు. పరీక్షలు రాయకుండానే ఆ పిల్లలంతా పాసయ్యారు. ఆ బ్యాచ్ పిల్లలు ఇప్పుడు డిగ్రీ, ఇంజనీరింగ్ ముగించే వయసులో ఉన్నారు. వాళ్ల పదో తరగతి ఎలా గడిచిందో వాళ్ల మాటల్లో రాయించి దాచాల్సిన అవసరం అందరికంటే ఎక్కువ వీళ్లదే. ఒకే ఫోన్‌ను ముగ్గురు పిల్లలు పంచుకున్న ఇళ్ల కథలు వీళ్ల దగ్గరే ఉన్నాయి.

బడి ఏళ్లను తీరిగ్గా తలచుకునే పని తెలుగునాట ఇరవై, పాతికేళ్ల తర్వాత జరుగుతోంది. వేసవిలో, సంక్రాంతికి దినపత్రికల జిల్లా పేజీల్లో పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం వార్త లేని రోజు అరుదు. ఫ్లెక్సీ, ఒకే రంగు చొక్కాలు, చీరలు, ప్రార్థన, పాత టీచరు చేత హాజరు పిలిపించడం, చనిపోయిన సహాధ్యాయులకు మౌనం, గురువులకు శాలువా, బడికి విరాళం. 2020లో వచ్చిన 'జాను', దానికి మూలమైన తమిళ '96' సినిమా కథలు ఇలాంటి ఒక కలయిక రాత్రి చుట్టూ తిరుగుతాయి. ఈ సమ్మేళనాలు మంచి పని చేస్తున్నాయి. ఎన్నో ప్రభుత్వ బడులకు తరగతి గదుల రంగులు, కంప్యూటర్లు, మంచినీటి యంత్రాలు ఇలాగే వచ్చాయి.

అయితే సమ్మేళనం ఏర్పాటు చేసిన ఎవరిని అడిగినా మొదటి కష్టం ఒకటే చెబుతారు: పేర్లు. ఐదారుగురితో వాట్సాప్ గ్రూపు మొదలవుతుంది. ఒకరు ఇద్దరిని, ఇద్దరు నలుగురిని చేరుస్తారు. ఒక దశ దాటాక ఎవరికీ ఎవరూ గుర్తురారు. అప్పుడు బడికి వెళ్లి పాత అడ్మిషన్ రిజిస్టర్ తెరిపిస్తారు. అందులో పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, చేరిన రోజు, టీసీ తీసుకున్న రోజు ఉంటాయి. మనిషి ఎక్కడున్నాడో ఉండదు. అమ్మాయిల జాడ తెలుసుకోవడం మరీ కష్టం. పెళ్లితో ఊరు మారుతుంది, కొందరికి ఇంటిపేరూ మారుతుంది. చివరికి సమ్మేళనానికి చేరేది బాగా చదివినవాళ్లు, బాగా స్థిరపడినవాళ్లు, ఊళ్లోనే ఉన్నవాళ్లు. లెక్కల్లో తప్పి మళ్లీ రాయనివాడు పిలిచినా జంకుతాడు. బ్యాచ్ అంటే అతను కూడా.

జపాన్ బడులు దీనికి ఒక దారి కనిపెట్టాయి. అక్కడ బడి విడిచే పిల్లలు సొత్సుగ్యో బున్‌షూ అనే వ్యాస సంపుటి తెస్తారు. తరగతిలో ప్రతి ఒక్కరూ, మొదటి ర్యాంకువారైనా చివరి బల్లవారైనా, తమ బడి ఏళ్ల మీద ఒక్కో వ్యాసం రాస్తారు. అందరికీ స్థలం సమానం. అమెరికా హైస్కూళ్ల ఇయర్‌బుక్కులో ఫొటోలు ఎక్కువ, రాత తక్కువ. మన బడులకు జపాన్ పద్ధతే నప్పుతుంది, ఎందుకంటే దానికి కావలసింది కాగితం, పెన్ను, ఒక తెలుగు టీచరు. లేఖ, ఆత్మకథ, వ్యాసం రాయడం ఎలాగూ భాషా పాఠాల్లో ఉన్నాయి. గోడపత్రిక నడిపిన అనుభవం చాలా బడులకుంది. రాసినవి ఫొటోస్టాట్ తీసి, కుట్టించి, ఒక ప్రతి బడి లైబ్రరీలో పెడితే చాలు. ఇంగ్లిష్ మీడియం పిల్లలు ఇంగ్లిష్‌లో రాయనీ, ఇంట్లో హిందీయో ఒడియానో మాట్లాడేవాళ్లు ఆ భాషలో రాయనీ. దమ్మాయిగూడ తరగతి గది అసలు రూపం అదే.

ఏం రాయాలన్నదే అసలు పని. భావం కాకుండా సంగతి రాయమనాలి. బడికి ఏ దారిన వచ్చేవారు, ఏ బస్సు ఎక్కేవారు, జవహర్‌నగర్ డంపింగ్ యార్డు వైపు నుంచి గాలి వీచిన రోజు కిటికీలు ఎవరు మూసేవారు, ఏ పాఠం మొదటిసారి అర్థమైంది, ఎవరి టిఫిన్ బాక్సు అందరూ పంచుకునేవారు, మధ్యలో బడి మానేసిన స్నేహితుడి పేరు ఏమిటి, ఎందుకు మానేశాడు. ఈ ఆఖరి ప్రశ్నను ఎవరూ వదలకూడదు. చివరి పుటల్లో ఆరో తరగతిలో చేరినవాళ్లందరి పేర్లు, తండ్రి పేరుతో పాటు తల్లి పేరు కూడా ఉండాలి. ఫోన్ నంబర్లు మాత్రం బడి దగ్గరే విడిగా భద్రపరచాలి. పుస్తకం పది చేతులు మారుతుంది కాబట్టి పిల్లల వివరాలు బయటికి పోకూడదు.

పదో తరగతి క్లాస్ టీచర్లకు ఒక విన్నపం. సంక్రాంతి సెలవులకు పిల్లలను ఇళ్లకు పంపే రోజున ఒక్కొక్కరికీ రెండు తెల్లకాగితాలు ఇవ్వండి. తిరిగొచ్చాక ప్రీఫైనల్ మొదలయ్యేలోపు రాసినవి తీసుకోండి. తప్పులు దిద్దకండి, మార్కులు వేయకండి. వీడ్కోలు సభలో హెడ్మాస్టర్ ప్రసంగం పది నిమిషాలు తగ్గించి, వాటిలో నాలుగు రాతలు రాసినవాళ్ల చేతనే చదివించండి.