పెంకుటింటికి వయసు తేవడం

కొండపల్లి బొమ్మకు వయసుండదు. తెల్ల పొణికి కర్రను చెక్కి, సన్నసెగ మీద తేమ లాగేసి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో ముక్కలు అతికి, సున్నం పూసి రంగులు దిద్దుతారు. తాడెక్కే గీత కార్మికుడి పంచె మీద మరకుండదు, ఎడ్లబండి చక్రానికి మట్టంటదు. సంక్రాంతికి గోదావరి జిల్లాల ఇళ్ళలో పేర్చే బొమ్మల కొలువులో ప్రతి బొమ్మా ఈ పొద్దునే పుట్టినట్టుంటుంది. ఆ కొత్తదనమే దాని అందం.

చెక్కతో నమూనా ఇళ్ళు కట్టే అభిరుచి దీనికి ఎదురు దారిలో నడుస్తుంది. కొలత తప్పకుండా ఇల్లు కట్టడం అందులో సగం పనే. ఎండా, వానా, చెదా, మనుషుల చేతులూ కొన్ని దశాబ్దాల్లో చేసిపెట్టేదాన్ని సిరాతో, కుంచెతో, బ్లేడుతో తెచ్చిపెట్టడం మిగతా సగం. బొమ్మ రైళ్ళ లోకంలో ఈ పనికి గౌరవం తెచ్చినవాడు జాన్ ఆలెన్ (1913–73). వృత్తికి ఫొటోగ్రాఫరు. కాలిఫోర్నియాలోని మాంటెరేలో తన ఇంట్లో ‘గోరీ అండ్ డిఫీటెడ్’ అనే రైలుమార్గం కట్టుకున్నాడు. అందులో షెడ్లూ, ఇంజన్లూ, చెక్క వంతెనలూ మసిబారి, వాడి వాడి నలిగి ఉండేవి. ఆయన పోయిన కొద్దిరోజులకే నిప్పంటుకుని అది చాలావరకు పోయింది. ఇప్పుడు మనం చూడగలిగేది చాలామటుకు ఆయన తీసిన ఫొటోల్లోనే. ఆ ఫొటోల్లో నాకు నచ్చేది మురికి కాదు, మురికికి ఉన్న కారణం. పొగ ఎటు పోతుందో మసి అటే ఉంటుంది.

ఈ చూపుతో కోనసీమ మండువా లోగిలి ముందు నిలబడితే, నమూనాకు ఇంతకన్నా మంచి ఇల్లు దొరకదనిపిస్తుంది. నాలుగు వైపుల నుంచీ కప్పు లోపలికి వాలి, వాన నడిమి మండువాలో పడుతుంది. నీళ్ళను ఇంటి మధ్యకు పిలిచి, తూముగుండా బయటికి సాగనంపే కట్టడమిది. కాబట్టి దాని పాతదనమంతా నీటి దారి వెంబడే ఉంటుంది. ఆ దారి తెలిసినవాడి చేతిలోనే నమూనా నిజమనిపిస్తుంది.

అడుగుకు అరంగుళం లెక్క, అంటే ఇరవైనాలుగో వంతు, దీనికి సరిపోతుంది. అరవై అడుగుల ఇల్లు రెండున్నర అడుగుల్లో ఇమిడిపోతుంది. ఎనిమిదడుగుల స్తంభం నాలుగంగుళాలవుతుంది. ఆ పాత ఇళ్ళలో వాడిన మేలైన కర్ర టేకు. భద్రాచలం అడవుల కలపను ఒకప్పుడు తెప్పలు కట్టి గోదావరి మీద రాజమండ్రికి దించేవారు. అయినా నమూనాకు టేకు పనికిరాదు. దాని చారా, రంధ్రాలూ చిన్న స్తంభం మీద ఇరవైనాలుగు రెట్లు పెద్దవిగా కనిపించి మోసం బయటపెడతాయి. చార కనబడనంత నున్నని మెత్తకర్ర తీసుకుని, మనకు కావలసిన చారను మనమే గీయాలి. ఇనపతీగల బ్రష్షుతో కర్ర నిడివి వెంబడి మెల్లగా లాగితే సన్నని గీతలు పడతాయి. స్పిరిట్‌లో నాలుగు చుక్కల ఇండియన్ ఇంకు కలిపి పూస్తే సిరా ఆ గీతల్లోకి దిగుతుంది. ఇదంతా అతికించక ముందే జరగాలి. ఫెవికాల్ తగిలిన చోట కర్ర రంగు తాగదు, తెల్లమచ్చ మిగిలిపోతుంది. ఒకవైపే తడిపితే బద్ద వంకర తిరుగుతుంది, రెండువైపులా పూసి బరువు పెట్టి ఆరనివ్వాలి.

ఇక రంగు. ఎండ తగిలితే కర్రలోని లిగ్నిన్ విరిగిపోతుంది, వాన దాన్ని కడిగేస్తుంది, మిగిలిన నార బూడిదరంగుకు తిరుగుతుంది. ఈ రెండూ అందని చోట కర్ర బూడిద కాదు. వసారా లోపలి దూలాలు ముదురు గోధుమరంగులోనే నల్లబడుతూ పోతాయి. కొత్తగా ఈ పనిలో దిగినవాళ్ళు ఇల్లంతా ఒకే బూడిదరంగు పులిమేస్తుంటారు. నాకది మనసుకు నొప్పిగా ఉంటుంది. అన్నివైపులా సమానంగా పాతబడ్డ ఇల్లు లోకంలో లేదు.

మండువా చూరు దగ్గర నీళ్ళు జారే వాసాల కొసలు ముందుగా పుచ్చుతాయి. కర్ర అడ్డుకోత స్పంజిలా నీళ్ళు పీలుస్తుంది మరి. అక్కడ బ్లేడు మొనతో కొసను కాస్త చీల్చి, నలుపు రెండుసార్లు పట్టించాలి. రెండు వాలులు కలిసే మూలల్లో నీరు ఎక్కువ, అక్కడి పెంకుల మీద పాచి ఆకుపచ్చ చిక్కబడుతుంది. స్తంభం కింది రాతి దిమ్మ మీద చిందిన తడి, దానిపైన కర్రలో జానెడు ఎత్తు వరకూ ఎక్కిన చెమ్మ కూడా చూపాలి.

నీళ్ళ తర్వాత మనుషులు. తరాలుగా వీపులానించి కూర్చున్న చోట స్తంభం మెరుస్తుంది. నేల మీద కూర్చున్న మనిషి వీపెత్తు నమూనాలో అంగుళం పైచిలుకు. అంతవరకే వేలితో రుద్ది నునుపు తేవాలి, పైన గరుకుగానే వదిలెయ్యాలి. గడప మధ్యలో అరుగుతుంది, పసుపు మాత్రం అంచుల్లో నిలుస్తుంది. వంటింటి మీది వాసాలకు లోపలివైపు మసి. మడతబందుల కింద సన్నని తుప్పుగీత ఒకటి చాలు. తుప్పు అందంగా ఉంటుంది కదా అని ప్రతి మేకుకూ పూస్తే ఇల్లు ఇనపకొట్టయిపోతుంది.

పెంకుల్లో చరిత్ర కూడా చెప్పొచ్చు. 1996 నవంబరు 6 తుపాను కోనసీమలో కొబ్బరిచెట్లను కూల్చింది, కప్పులు లేపేసింది. నల్లబడ్డ గూనపెంకుల నడుమ ఒక మూల ఎర్రని పెంకులు నాలుగు వరుసలు పెడితే, ఆ తర్వాత కప్పు నేయించుకున్న ఇల్లని ఈ ప్రాంతం వాళ్ళు అడక్కుండానే పోలుస్తారు.

వరద గీత అన్నిటికన్నా కష్టం. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది, దిగువన లంక ఊళ్ళు మునిగాయి. గోడ మీద మూడడుగుల నీళ్ళు నిలిచాయనుకుంటే నమూనాలో అంగుళమున్నర. గీత పై అంచు నాలుగు గోడల మీదా, తలుపుల మీదా ఒకే మట్టంలో సాగాలి, ఎందుకంటే నిలిచిన నీరు వంకర పోదు. కింది భాగం మాత్రం ఎగుడుదిగుడుగా, నీరు మెట్లు మెట్లుగా దిగిన జాడలతో ఉండాలి. దీనికి రంగు కొనక్కర్లేదు. ఏటి ఒండ్రును ఎండబెట్టి, నూరి, పల్చని గుడ్డలో జల్లెడ పడితే వచ్చే పొడి ఈ కొలతకు సరిపడా మెత్తగా ఉంటుంది. ఇసుక రేణువైతే నమూనాలో గులకరాయిలా కనిపిస్తుంది. నీళ్ళలో కొద్దిగా బంక కలిపి ఆ పొడిని పల్చగా పట్టించాలి. తడిగా ఉన్నప్పుడు ముదురుగా కనిపించి ఆరాక తేలిపోతుంది కనుక, ముందు పనికిరాని బద్ద మీద వేసి, పూర్తిగా ఆరాక పగటి వెలుతురులో చూసుకుని, అప్పుడు గోడ ముట్టుకోవాలి.