నిజాం రేడియో ప్రసంగాలు: వ్యాఖ్యాతల తీర్పులు

హదీసు విద్యార్థికి మొదట నేర్పే పాఠం ఒకటున్నది. ఒక మాట గుణదోషాలు విచారించక ముందే, అది ఎవరి ద్వారా మనకు చేరినదో విచారించాలి. వాక్యాన్ని మత్న్ అంటారు, దానిని అందించిన వారి వరుసను ఇస్నాద్ అంటారు. 1948 సెప్టెంబరులో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ చేసిన రెండు రేడియో ప్రసంగాలపై వచ్చిన వ్యాఖ్యానాలు చదివితే, ఈ పాఠం మన చరిత్రకారులకు కూడ అవసరమే అనిపిస్తున్నది.

సెప్టెంబరు 13న భారత సేనలు హైదరాబాదు సంస్థానంలో ప్రవేశించాయి. ప్రధాన దళం షోలాపూరు వైపు నుండి, మరొకటి బెజవాడ వైపు నుండి నడిచాయి. 17న లాయఖ్ అలీ మంత్రివర్గం రాజీనామా చేసింది. ఆ సాయంత్రమే నిజాం రేడియోలో కాల్పుల విరమణ ప్రకటించారు. రజాకార్ల సంస్థను రద్దు చేశామని, సికింద్రాబాదు, బొల్లారంలలో భారత సైన్యం బస చేయవచ్చునని చెప్పారు. పది రోజుల క్రితం నెహ్రూ కోరినది దాదాపు ఇదే! రజాకార్లను నిషేధించాలని, సికింద్రాబాదుకు సైన్యాన్ని తిరిగి రానివ్వాలని 7వ తేదీన అడిగితే కాదన్న ప్రభుత్వం, ఐదు రోజుల యుద్ధం తరువాత అవే షరతులకు, అవమానం అదనంగా, తలవంచింది. వ్యాఖ్యాతలు నిలదీయవలసిన చోటు ఇది. వారిలో ఎక్కువమంది నిజాం మనసులో ఏమున్నదో వెదకడానికి పోయారు.

భారత ప్రభుత్వ ప్రతినిధి కె.ఎం. మున్షీ ఆనాటి సంగతులను 1957లో పుస్తకంగా వెలువరించారు. ఆ ప్రసంగాన్ని ఆయన నిజాంకు కలిగిన జ్ఞానోదయంగా చూపుతారు. అయితే నిజాంకు సలహా చెప్పి, ప్రసంగపాఠం సిద్ధం చేయడంలో తన చేయి ఉన్నదని అదే పుస్తకంలో చెప్పుకొన్నారు. ప్రసంగం చేయించినవారే దానికి వ్యాఖ్యాత! పైగా అది ఇంగ్లీషులో సాగింది. 1918లో ఉర్దూ మాధ్యమంలో విశ్వవిద్యాలయం స్థాపించిన ప్రభువు తన ప్రజలకు చెప్పిన ఆ కీలకమైన మాట వారి భాషలో లేదు. అనువాదకునిగా నాకు ఈ ఒక్క సంగతే చాలు, ఆ వాక్యాలను ఆయన అంతరంగమని అనుకోకుండా ఉండడానికి.

లాయఖ్ అలీ 1962లో కరాచీ నుండి ప్రచురించిన గ్రంథంలో దుఃఖం నిజమైనదే. అయినా ఓటమి భారాన్ని ఆయన సేనాపతి ఎల్ ఎద్రూస్ వైపు నెట్టారు. ఎద్రూస్ తన స్మృతులలో దానిని రాజకీయ నాయకుల వైపు నెట్టారు. పుచ్చలపల్లి సుందరయ్య గారి దృష్టి వేరు. సైన్యం గురి నిజాం కాదు, తెలంగాణా రైతాంగ పోరాటమని వారి వాదన. 1950లో అదే నిజాం రాజప్రముఖ్ కావడం ఆ వాదనకు కొంత బలమిస్తుంది.

సెప్టెంబరు 23 నాటి రెండవ ప్రసంగం ఇంకా చిక్కైనది. ఖాసిం రజ్వీ వర్గం ఛతారీ నవాబు ఇంటిని ముట్టడించి, తనను నిస్సహాయుణ్ణి చేసిందని, హిట్లరు పద్ధతులు అనుసరించిందని అందులో నిజాం అన్నారు. ముట్టడి జరిగినది 1947 అక్టోబరు 27 తెల్లవారుజామున. ప్రసంగంలో నవంబరు అని ఉన్నది. చిన్న సంగతే, కాని హదీసు పండితుడు ఇక్కడ ఆగుతాడు. అప్పటికి రాజ్యం మిలిటరీ గవర్నరు చేతిలో ఉన్నది. ఆ స్థితిలో వెలువడిన మాటను ఒక జాతి నేరాంగీకార పత్రంగా ఏటా సెప్టెంబరు 17న చదివి వినిపించడం న్యాయం కాదు. అలాగని రజ్వీ నిర్దోషి కాడు. 1948 ఆగస్టులో హత్యకు గురైన ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లా ఖాన్ ముస్లిమే. రజాకార్ల దౌర్జన్యానికి ఆయన నెత్తురుకన్న వేరే సాక్ష్యం అక్కరలేదు.

మార్కాపురం, కంభం ప్రాంతాలను నిజాం 1800లోనే ఈస్టిండియా కంపెనీకి ఇచ్చివేశాడు. 1948 నాటికి కురిచేడు మద్రాసు రాష్ట్రంలో ఉన్నది. అయినా ‘మీ నిజాం’ అనే మాట ఇక్కడి ముస్లిములకు కూడ తగులుతూనే ఉన్నది. 2022లో కేంద్రం ఆ రోజును విమోచన దినమని, తెలంగాణ ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినమని జరిపాయి. రెండు పేర్లలోను పల్లె ముస్లిము కనబడడు.

నెహ్రూ పంపిన పండిట్ సుందర్‌లాల్ బృందం 1948 నవంబరు, డిసెంబరు నెలలలో ఆ పల్లెలు తిరిగింది. మృతుల సంఖ్యను 27 వేల నుండి 40 వేల వరకు అంచనా వేసింది. కొన్ని చోట్ల సైనికులే దోపిడీలో, హత్యలలో పాల్గొన్నారని, మరికొన్ని చోట్ల ముస్లిములను కాపాడారని కూడ వ్రాసింది. ఆ నివేదికను 2013లో ఎ.జి. నూరానీ తన గ్రంథంలో చేర్చారు. అంతకు ముందు వ్రాసినవారికి అది అందుబాటులో లేదనవచ్చు. తరువాత వ్రాస్తున్నవారు కూడ ఇంకా నిజాం ద్రోహియా, బుద్ధిమంతుడా అనే తర్కంలోనే ఉన్నారు. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు పల్లెలలో ఆ సాయంత్రం రేడియో ఎందరికున్నది? ఉన్నా, ఆ ఇంగ్లీషు ఎందరికి తెలిసినది?