సీసా మీది చిన్న అక్షరాలు

ఇంటిని శుభ్రపరచే ద్రవాల సీసాలపై అంటించిన లేబులు కూడ ఒక వైజ్ఞానిక రచనయే. పుస్తకము కొనని ఇంట కూడ అది ఉంటుంది. కాబట్టి దాని గుణదోషములను పుస్తకానికి వలెనే విచారించుట న్యాయము.

మా స్నానాలగదిలోని రెండు సీసాలను తీసుకొందాము. మొదటిది మరుగుదొడ్డి కడిగే ద్రవము. అందులో నూటికి సుమారు 10 పాళ్ళు హైడ్రోక్లోరిక్ ఆమ్లము. కఠినజలము వలన పింగాణీపై పేరుకొన్న గారను కరగించుట దాని పని. రెండవది సోడియం హైపోక్లోరైట్ ద్రావణము, అనగా బ్లీచి. మరకలను విరిచి, సూక్ష్మజీవులను చంపుట దీని పని. విడివిడిగా రెండూ ఉపయోగకరములే. కలిస్తే మాత్రము ఆమ్లము హైపోక్లోరైట్‌పై పనిచేసి క్లోరిన్ వాయువును వెలువరిస్తుంది.

ఒకనాడు మా ఇంట పనిచేసే ఆమె మొదటిది చల్లి, గార వదలలేదని దానిమీదనే రెండవది పోసింది. ఘాటైన వాసన, ఆగని దగ్గు! వెంటనే బయటికి వచ్చినందున ప్రమాదము తప్పినది. క్లోరిన్ గాలికంటె దాదాపు రెండున్నర రెట్లు బరువైనది, నేలబారున నిలుస్తుంది. వంగి నేల తోమేవారి ముఖము ఉండేదీ అక్కడే. 1915 ఏప్రిల్ 22న ఈప్ర్ వద్ద జర్మను సైన్యము యుద్ధములో ప్రయోగించినది ఈ వాయువునే.

మరి లేబులు ఏమి చెప్పినది? 'క్రిములను 99.9 శాతము చంపును' అన్న మాట ముందువైపున పెద్ద అక్షరాలలో ఉన్నది. 'ఇతర ద్రవ్యములతో కలపరాదు' అన్నది వెనుకవైపున, ఇంగ్లీషులో, చీమతలలంత అక్షరాలలో ఉన్నది. దేనితో కలపరాదో, కలిపితే ఏమగునో లేదు. కారణము చెప్పని నిషేధము ఎవరికి గుర్తుంటుంది? చదవగలిగిన నేను తోమలేదు. తోమిన ఆమె చదవలేదు. నేనైనా చెప్పి ఉండవలసినది.

పెద్ద అక్షరాల మాట కూడ సగమే నిజము. చిక్కగా పోసినంత మాత్రాన క్రిములు చావవు. ముందు మురికిని కడగవలె. లేకున్న హైపోక్లోరైట్ ఆ మురికితోనే ఖర్చైపోతుంది. తరువాత ద్రావణము కొంతసేపు తడిగా నిలువవలె. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనా విషయమై సూచించిన గాఢత 0.1 శాతమే. 5 శాతపు బ్లీచి ఒక పాలుకు 49 పాళ్ళ చన్నీరు చేర్చితే అది సిద్ధము.

లోపము లేబులుది మాత్రమేనా? విరంజన చూర్ణముపై ఆమ్లము పనిచేస్తే క్లోరిన్ వచ్చునని తరగతిలో సమీకరణము వ్రాయిస్తాము; తుల్యము చేయిస్తాము; మార్కులూ వేస్తాము. ఆ చర్య స్నానాలగదిలోనూ జరుగునని చెప్పము. తరగతిలో నేర్చినది ఇంటి గడప దాటి లోపలికి రాకపోతే ఆ చదువు దేనికి?

ఉపాధ్యాయులకు ఒక మనవి. ఈ వారము విద్యార్థులను తమ ఇంటి సీసాల లేబులులు చూచి వ్రాసుకొని రమ్మనండి, సీసాలు తేవద్దనండి. వాటికి బదులుగా తెలుగులో పెద్ద అక్షరాలతో మూడు వాక్యాలు వ్రాయించండి: దీనిని ఒంటరిగానే వాడవలె. తలుపు, కిటికీ తెరచి ఉంచవలె. ఘాటు వాసన వస్తే మరేదీ పోయక బయటికి రావలె.

వాటిని సీసాలపై అంటించి, ఇంట తోమేవారికి చదివి వినిపించమనండి. ఆనాటికి ఆ పాఠము పూర్తియైనట్లు.