జమిడిక: లయకు మాత్రమేనా?

తెలంగాణలో ఎల్లమ్మ కథ చెప్పే బైండ్లవారి ప్రధాన వాద్యం జమిడిక. దీన్ని పోలిన జముకు పేరుమీదుగానే ఉత్తరాంధ్రలో జముకుల కథ ప్రసిద్ధమయింది. జానపద కళల పరిచయ రచనల్లో జమిడిక తరచుగా డప్పు, డోలు, పంబల సరసన ‘చర్మవాద్యం’ అన్న ఒక్క మాటతో ముగిసిపోతుంది. ఈ పరిమిత నిర్వచనం కథాపాఠ విమర్శను కూడా పరిమితం చేస్తున్నది.

జమిడికకు గొట్టం వంటి దేహం ఉంటుంది. దాని ఒక వైపు చర్మంతో మూసి, చర్మం నడుమ నుంచి నరాన్ని తీస్తారు. వాదకుడు ఆ నరాన్ని బిగిస్తూ, సడలిస్తూ మీటుతాడు. బిగిస్తే స్వరం ఎక్కుతుంది, సడలిస్తే దిగుతుంది. కనుక నాట్యశాస్త్రం చెప్పిన నాలుగు వాద్యభేదాల్లో ఇది తత, అవనద్ధాల నడుమ నిలుస్తుంది. 1914లో హార్న్‌బాస్టెల్, సాక్స్ ఇటువంటివాటిని మీటే చర్మవాద్యాలుగా వేరుచేశారు. ఇవి తంత్రీవాద్యాలేనని తరువాతి పరిశోధకులు కొందరు వాదించారు. వాద్యానికి స్వరగతి ఉందని అంగీకరిస్తే, దాని పని లయను నిలపడంతోనే ముగియదని కూడా అంగీకరించాలి.

బిరుదురాజు రామరాజు ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ వంటి తొలితరం కృషి పాటను సాహిత్యంగా నిలబెట్టింది. అది ఆనాటి అవసరం. అయితే ఆ తరువాత కూడా మాటను మాత్రమే పాఠంగా స్వీకరించడం వల్ల చిక్కు ఏర్పడింది. పరశురాముడు తల్లి శిరస్సు ఖండించే ఘట్టాన్ని అచ్చులో చదివితే అర్ధపాదాలు కుంటినట్టు, పలుకులు పునరుక్తమైనట్టు తోచవచ్చు. ప్రదర్శనలో కథకుడు ఆగిన చోట జమిడిక సాగుతుంది. పాదంలో మిగిలిన కాలాన్ని ఆ నాదం నింపుతుంది. వినేవారికి అది లోపం కాదు, దుఃఖానికి దొరికిన వ్యవధి.

ప్రతి పునరుక్తికీ వాద్యమే కారణమని దీని అర్థం కాదు. మౌఖిక కథనానికి తనదైన ఆవృత్తి ధర్మం ఉంది. ఈ రెండింటినీ వేరుచేసి చూడాలంటే ముద్రిత పాఠంలో వాద్యం ప్రవేశించే, విరమించే స్థానాలను గుర్తించి ఉండాలి. అవి లేని ప్రతిలో మాత్రలు లెక్కించి కథకుని ఛందస్సును తప్పుపట్టడం, వినని పాటకు తీర్పు చెప్పడమే అవుతుంది.