వెనకబడినవాడి గతేమిటి?

కాంట్రా వీడియో గేమ్ ఆడిన తరానికి జలపాతం స్టేజి గుర్తుండే ఉంటుంది. 1988లో కొనామి ఇంటి మెషిన్లకు తెచ్చిన ఆ ఆట, నకిలీ క్యాసెట్ల పుణ్యమా అని తొంభైల్లో మన ఊళ్లకూ చేరింది. మూడో స్టేజిలో ఇద్దరూ రాళ్ల మీద గెంతుకుంటూ జలపాతం పైకి ఎక్కాలి. ముందున్నవాడు హుషారుగా నాలుగు రాళ్లు ఎక్కేస్తే తెర కూడా వాడితోపాటు పైకి జరుగుతుంది. కింద మిగిలినవాడికి తెర అంచే గొయ్యి. తూటా తగల్లేదు, కాలు జారలేదు, పక్కవాడి తొందరకే ఒక లైఫ్ పోయింది! ఆ తర్వాత జరిగే గొడవ క్యాసెట్‌లో లేదు గానీ, అది లేనిదే ఆట ఆడినట్టుండేది కాదు.

పక్కకు జరిగే గెంతుల ఆటల్లో నలుగురిని కలిపి ఆడించడంలో చిక్కంతా ఇదే: తెర ఒకటి, పరుగులు నాలుగు. నింటెండో 2023 అక్టోబరు 20న తన స్విచ్ మెషిన్ మీద విడుదల చేసిన ‘సూపర్ మారియో బ్రదర్స్ వండర్’ మీద అంత సంబరం ఎందుకో తెలియాలంటే ఈ చిక్కు దగ్గరే మొదలుపెట్టాలి.

ఒంటరి గెంతు సంగతి 1985లోనే తేలిపోయింది. షిగెరు మియామోటో, తకాషి తెజుకా చేసిన మొదటి సూపర్ మారియోలో బటన్ ఎక్కువసేపు నొక్కితే ఎత్తు గెంతు, తట్టి వదిలేస్తే చిన్న గెంతు. గాల్లో ఉండగా కూడా కాస్త దారి మార్చుకోవచ్చు. ఫిజిక్స్ మాస్టారు ఒప్పుకోరు, బొటనవేలు మాత్రం వెంటనే ఒప్పుకుంటుంది. కానీ ఇద్దరు ఆడాలంటే వంతులే. మారియో చచ్చేదాకా రెండోవాడి పాత్ర లూయీజీ గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాలి.

కదిలే తెర మీద నలుగురు మారియో ఆట ఆడటానికి 2009లో వీ మెషిన్ మీద వచ్చిన ‘న్యూ సూపర్ మారియో బ్రదర్స్ వీ’ దాకా ఆగాల్సి వచ్చింది. అందులో పాత్రలు ఒకదాన్నొకటి ఢీకొంటాయి. ఒకరి నెత్తి మీద ఒకరు కాలు వేసి గెంతొచ్చు, పక్కవాణ్ని ఎత్తి గోతిలోకి విసరొచ్చు, సాయం చేయబోయి తోసేయొచ్చు. దీనికి విరుగుడుగా బుడగ పెట్టారు. చచ్చినవాడు బుడగలో తేలుతూ తిరిగొస్తాడు, ఇంకొకరు పగలగొడితే కిందికి దిగుతాడు. భయమేస్తే ముందే బటన్ నొక్కి బుడగలో దూరిపోనూవచ్చు. అందరూ బుడగల్లోకి చేరారంటే స్టేజి మళ్లీ మొదలు.

వండర్‌లో ఈ తోపులాట తీసేశారు. ఒకరిలోంచి ఒకరు దూరిపోతారు. ప్రాణం పోతే దెయ్యమవుతారు, ఐదు సెకన్లలో తోటివాణ్ని తాకితే మళ్లీ బతుకుతారు. కిరీటం ఎవరి నెత్తిన ఉంటే కెమెరా వాళ్ల వెంటే. యోషీలు, నాబిట్ అనే పాత్రలకు శత్రువు తగిలినా దెబ్బ ఉండదు కాబట్టి కంట్రోలర్ మొదటిసారి పట్టుకున్న పిల్లాడికి అవి ఇవ్వొచ్చు. గోతులు మాత్రం వాటినీ వదలవు. వండర్ పువ్వు ముట్టుకుంటే స్టేజి తీరే మారిపోతుంది. ఆరంభంలోనే ఒకచోట గొట్టాల్లోంచి పిరానా మొక్కలు బయటికొచ్చి, పాడుతూ ఊరేగింపుగా నడుస్తాయి. నలుగురూ ఆడటం మానేసి నవ్వే చోటు అది.

ఆన్‌లైన్‌లో ఇంకా మెత్తదనం. ముక్కూమొహం తెలియనివాళ్లు నీడల్లా పక్కన పరిగెడతారు. వాళ్లు మనల్ని తొయ్యలేరు, చచ్చినప్పుడు లేపగలరు. వెనక వచ్చేవాళ్ల కోసం తమ బొమ్మను అట్టముక్కలా ఒకచోట నిలబెట్టి పోవచ్చు, దెయ్యమైనవాడు దాన్ని తాకినా బతుకుతాడు. జలపాతం దగ్గర స్నేహితుణ్ని చంపిన తరానికి ఈ మర్యాద కొత్తే.

నా మట్టుకు ఆ తోపులాట పోవడం కొంచెం వెలితే. ఇంట్లో చిన్నాపెద్దా కలిసి కూర్చుంటే వండర్‌ను మించింది లేదు. చిన్నప్పటి దోస్తులు వస్తే మాత్రం, అదే స్విచ్ మీద 2019లో వచ్చిన ‘న్యూ సూపర్ మారియో బ్రదర్స్ యూ డీలక్స్’ పెట్టండి. అందులో పక్కవాణ్ని ఎత్తి విసిరే సౌకర్యం ఇంకా ఉంది.