చెప్పేముందు దుబ్బు విప్పి చూడాలి

వ్యవసాయ డిగ్రీ చివరి ఏడాదిలో విద్యార్థులు ఊళ్లలో ఉండి పని నేర్చుకునే ‘రావెప్’ మీద ఒక ఫిర్యాదు తరచూ వినిపిస్తుంది. వచ్చి ఫొటోలు దిగి, రికార్డు నింపుకుని పోతారని. అందులో నిజం లేకపోలేదు. అయితే పాతిక, ముప్పై పంటలు తీసిన రైతు ముందు ఇరవై ఒక్కేళ్ల కుర్రాణ్ణో అమ్మాయినో నిలబెట్టి సలహా చెప్పమంటే ఏం చెబుతారు? పుస్తకంలో ఉన్నదే చెబుతారు. రైతు ఆ మాట పురుగుమందుల కొట్లో ఎప్పుడో విన్నాడు. పైగా ఆ కొట్టువాడు అప్పు కూడా ఇస్తాడు. అందుకే ఈ విద్యార్థి ఊళ్లో మొదట బడిపిల్లలతో కలిసి చూడడం, లెక్కపెట్టడం మొదలుపెట్టాలనీ, రైతుకు చెప్పడం ఆ తర్వాతేననీ నా అభిప్రాయం.

వరిలో దోమపోటునే తీసుకోండి. దానికి కారణమైన సుడిదోమ ఆకుల మీద కనబడదు. దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన గుంపుగా చేరి రసం పీలుస్తుంది. గట్టు మీంచి చూస్తే మడి పచ్చగానే ఉంటుంది. సుడులు సుడులుగా ఎండడం కనబడేసరికి చేయి దాటిపోతుంది. పైపైన కొట్టిన మందు మొదళ్లకు చేరదు. నాటేటప్పుడే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలమనడంలో ఇదీ ఒక కారణం. సింథటిక్ పైరిథ్రాయిడ్లు కొడితే దోమను, దాని గుడ్లను తినే సాలీళ్లు, మిరిడ్ నల్లులు చచ్చి, ఉధృతి మరింత పెరుగుతుంది. ఇదంతా పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకోవచ్చు. కానీ బురదలో దిగి, దుబ్బును రెండు చేతులా విడదీసి తట్టి, నీళ్ల మీద రాలినవాటిలో దోమలెన్ని, సాలీళ్లెన్ని అని లెక్కపెట్టినవాడి మాటకు ఉండే బరువు వేరు. ఈ దోమ చేతిలోనే దెబ్బతిన్న ఇండోనేషియా 1986లో వరి మీద 57 రకాల పురుగుమందులను నిషేధించింది. 1989లో రైతులతో క్షేత్ర పాఠశాలలు మొదలుపెట్టింది. మన పొలంబడి ఆ బాటలో వచ్చిందే. అక్కడ ఉపన్యాసం తక్కువ, లెక్క ఎక్కువ.

మరి బడిపిల్లలెందుకు? వాళ్ల దగ్గర విద్యార్థి అన్నీ తెలిసినట్టు నటించనక్కర్లేదు. వంద గింజలు లెక్కపెట్టి తడి గోనెపట్టాలో చుట్టి, ఆరకుండా చూస్తూ, మొలిచినవి ఎన్నో చూడడం ఎనిమిదో తరగతి పిల్లలు చేయగల పని. ధ్రువీకరించిన వరి విత్తనానికి కనీసం 80 శాతం మొలక ఉండాలి, వేరుశనగకు 70. బస్తా మీది చీటీకీ పట్టాలోని లెక్కకూ తేడా వస్తే విద్యార్థీ పిల్లలూ కలిసే కారణం వెతుక్కోవాలి. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో 1902లో ఎ.బి. గ్రాహం అనే బడి సూపరింటెండెంట్ పల్లె పిల్లలను ఒక క్లబ్బుగా పోగేసి మొక్కజొన్న, కూరగాయలు పండించడం, మట్టి పరీక్షించడం నేర్పించాడు. అక్కడి వ్యవసాయ విస్తరణకు స్మిత్-లీవర్ చట్టం వచ్చింది 1914లో. అంటే పిల్లల క్లబ్బు చట్టం కన్నా ముందే పుట్టింది.

పిల్లలను అడ్డుపెట్టుకుని పెద్దలకు పాఠం చెప్పడమేగా ఇది, అనవచ్చు. ఈ ఆక్షేపణను తేలిగ్గా తీసిపారేయలేం. నాన్నకు ఇలా చెప్పమని పిల్లవాణ్ణి పంపితే అది దౌత్యమే, చదువు కాదు. లెక్క పిల్లల నోటుబుక్కులో ఉండాలి. ఇంట్లో చెప్పాలా వద్దా అన్నది వాళ్లిష్టం. మందు కొట్టిన మళ్లలోకి వాళ్లను దింపడం మాత్రం నేరమే. ఈ పిల్లలు రేపు సేద్యంలో ఉండరు, శ్రమ దండగ అనేవాళ్లూ ఉన్నారు. నిజమే, చాలామంది ఉండరు. అయినా వంద గింజల్లో ఎన్ని మొలిచాయో తేల్చుకోవడం వచ్చినవాడు ఏ కొట్లో ఏ వస్తువు కొన్నా చీటీని గుడ్డిగా నమ్మడు.

అప్పున్న కొట్లోనే విత్తనం తీసుకోక తప్పని కౌలు రైతు మాటేమిటన్న ప్రశ్న వీటన్నిటికన్నా గట్టిది. మొలక శాతం తెలిసినంత మాత్రాన ఆయన కొట్టు మార్చలేడు. ఆ చిక్కు విప్పడం విద్యార్థి తరం కాదు. బిల్లు, లాట్ నంబరున్న చీటీ, ఖాళీ సంచి, గుప్పెడు గింజలు దాచుకోమనీ, మొలక చూసిన తేదీ, లెక్క రాసి పెట్టుకోమనీ మాత్రం చెప్పగలడు. పంట పోయి నష్టపరిహారం అడగాల్సి వస్తే అధికారులు మొదట అడిగేది బిల్లునే.